518వ నంబరు ఒక్కటే చదరంగమా?

పోయిన వారం మా ఆఫీసులో చెస్ టోర్నమెంట్ మెయిల్ వచ్చింది. ఏటా వచ్చేదే. ముప్పై నలభై మంది పేర్లిస్తారు, అందులో పదిమంది రిలీజ్ ఉందని మధ్యలో మాయమైపోతారు, ఎప్పుడూ గెలిచే ఇద్దరిలో ఒకరు గెలుస్తారు, కప్పుతో ఫోటో, సమోసాలు, అయిపోయింది. ఈసారి నాకు నోరు ఊరుకోక ఒక రిప్లై పెట్టా. ఏడు రౌండ్లలో ఒక్కటంటే ఒక్క రౌండు చెస్ 960 ఆడదాం, మిగతా ఆరూ మీ ఇష్టం అని.

నిర్వాహకుల్లో ఒకాయన అరగంటలో జవాబిచ్చాడు. "సీరియస్ టోర్నమెంట్లో ఫన్ గేమ్స్ వద్దు. క్యారమ్స్ వాళ్ళు కాయిన్స్ ఎక్కడపడితే అక్కడ పెట్టుకుని ఆడుతున్నారా? అది లాటరీ, చెస్ కాదు." దానికి పదకొండు మంది నవ్వు బొమ్మలు తగిలించారు. నేను లెక్కపెట్టా. రిప్లై-ఆల్ కొట్టి నా మనసులో మాట అక్కడే రాస్తే అప్రైజల్ సీజన్లో లేనిపోని గొడవ. అందుకని ఇక్కడ రాస్తున్నా.

తెలియనివాళ్ళ కోసం ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో. బాబీ ఫిషర్ 1996 జూన్ 19న బ్యూనస్ ఎయిరిస్ లో దీన్ని ప్రకటించాడు. బంట్లు మామూలుగానే రెండో వరుసలో ఉంటాయి. వెనక వరుసలో ఉన్న ఎనిమిది పావుల్ని మాత్రం చీట్లేసినట్టు కలిపి పేరుస్తారు. షరతులు రెండే. శకట్లు రెండూ చెరో రంగు గడిలో ఉండాలి, రాజు రెండు ఏనుగుల మధ్య ఉండాలి. తెల్లకి ఎలా వస్తే నల్లకీ ఎదురుగా అలాగే. ఇక లెక్క మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక శకటుకి 4 చోట్లు, రెండోదానికి 4, మంత్రికి మిగిలిన 6 లో ఒకటి, గుర్రాలు రెండిటికీ మిగిలిన 5 గళ్ళలో 10 రకాలు, చివరి మూడు గళ్ళలో ఏనుగు, రాజు, ఏనుగు ఒక్కటే రకం. 4×4×6×10. ఇంటర్లో చదివిన పర్మ్యుటేషన్స్ ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది :)

ఈ 960 పొజిషన్లకీ 0 నుంచి 959 దాకా నంబర్లున్నాయి. మనం చిన్నప్పట్నుంచీ పేర్చుకునే "అసలు" చెస్ అందులో 518. అంటే 960 ఆడేవాడు మామూలు చెస్ ని వదిలేసినవాడు కాదు. దాంతో కలిపే ఆడుతున్నాడు. మిగతా 959 ఇళ్ళకి తాళం వేసి ఒక్క ఇంట్లోనే కూర్చుని "ఇదే ఊరు" అంటున్నది మా ఆఫీసు కమిటీ.

నేనూ మొన్నమొన్నటిదాకా ఆ ఇంట్లోనే కూర్చున్నా. లిచెస్ లో నా బ్లిట్జ్ రేటింగు 1890 దగ్గర ఉండేది. గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా. తెల్లయితే లండన్ సిస్టమ్, నల్లయితే కారో-కాన్. మొదటి పది ఎత్తులూ పళ్ళు తోముకుంటూ ఆడగలను. ఒక శనివారం రాత్రి సరదాకి 960 లో దూరా. తెల్ల వైపు ఎడమ నుంచి చెబుతా: రెండు శకట్లు, మంత్రి, ఏనుగు, రాజు, రెండు గుర్రాలు, ఏనుగు. నాకు నల్ల. వాడు బి4 ఆడాడు. నేను సెకనులో ఇ5 నొక్కా. ఎందుకు నొక్కావయ్యా అంటే జవాబు లేదు. మధ్యలోకి బంటు తోయాలని ఎవరో చెప్పారు కాబట్టి. మూలన ఏ1 గడిలో ఉన్న శకటుకి బి4 తో దారి తెరుచుకుందన్న సంగతి నా కళ్ళముందే ఉంది. నేను చూడలేదు. అది తిన్నగా వచ్చి నా ఇ5 బంటుని మింగింది, కాపలా కాసే దిక్కు లేదు. అక్కణ్ణుంచి జి7 మీద గురి, దాని వెనకాల మూలన నా ఏనుగు. రెండో ఎత్తుకే ఆట గోవిందా.

పదిహేను ఆటలయ్యేసరికి నా 960 రేటింగు 1480. మొదట్లో సైటుని తిట్టుకున్నా. తర్వాత అర్థమైంది ఏంటంటే, ఆ నాలుగు వందల పాయింట్లూ ఎప్పుడూ నావి కావు. యూట్యూబ్ లో ఓపెనింగులు చెప్పే మాస్టార్లవి. నేను అప్పు తెచ్చుకుని తొడుక్కు తిరిగా, అంతే.

దీనికి కవలపిల్లలాంటి ఇంకో కథ ఉంది, మనవాళ్ళకి నచ్చుతుంది. ఆదివారాలు కూర్చుని సొంతంగా ఒక చెస్ ప్రోగ్రాం రాస్తుంటాను. ఎప్పటికీ పూర్తవదు, అది వేరే సంగతి. మొదటి పొజిషన్ నుంచి అయిదు ఎత్తుల లోతుకి ఎన్ని దారులున్నాయో లెక్కపెడితే 48,65,609 రావాలి. నాదీ అంతే వచ్చింది. ఆ రోజు నేను నేలమీద లేను. తర్వాత 960 పెట్టి నడిపితే కుప్పకూలింది. విషయమేంటంటే కోట కట్టడాన్ని నేను "రాజు రెండు గళ్ళు జరగడం" అని రాసుకున్నా. 960 లో రాజు ఎక్కడ మొదలైనా సరే, కోట కట్టాక సి గడిలోనో జి గడిలోనో ఉండాలి, ఏనుగు దాని పక్కన డి లోనో ఎఫ్ లోనో ఉండాలి. రాజు బి లో మొదలైతే అయిదు గళ్ళు ఎగరాల్సి రావచ్చు. ముందే జి లో ఉంటే అసలు కదలడు, ఏనుగొక్కటే అతన్ని దాటుకుని వస్తుంది. రాజు బి నుంచి సి కి ఒక్క గడి జరిగితే అది మామూలు అడుగో కోటో చూసి చెప్పలేం. అందుకే ఇంజన్లు మాట్లాడుకునే భాషలో 960 కోటని "రాజు తన ఏనుగునే తిన్నాడు" అని రాస్తారు. వినడానికి ఘోరంగా ఉంటుంది గానీ ఎక్కడా తికమక ఉండదు.

నా టెస్టులన్నీ పాసయ్యాయి. ఎందుకంటే అన్నీ 518 తో మొదలయ్యేవే. ఒకే ఇన్‌పుట్ తో టెస్ట్ చేసి "బగ్స్ లేవు" అని సర్టిఫికెట్ ఇచ్చే టెస్టర్ని మనం ఏమంటాం? మరి ఒకే పొజిషన్లో ఆడి "నాకు చెస్ వచ్చు" అనేవాణ్ణి ఏమనాలి?

ఇప్పుడు లాటరీ సంగతికొద్దాం. లాటరీ అయితే ఎవరికి తగిలేదీ చెప్పలేం కదా. 2019 లో ఫిడే దీనికి మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ నార్వేలో పెట్టింది. వెస్లీ సో కార్ల్‌సన్ ని 13.5-2.5 తో ఓడించాడు. 2022 లో రెయిక్యావిక్ లో నకమురా, నెపొమ్నియాషి ఫైనల్ ఆడితే నకమురా గెలిచాడు. 2024 ఫిబ్రవరిలో జర్మనీలో వైసెన్‌హౌస్ లో ఫ్రీస్టైల్ పేరుతో జరిగిన దాంట్లో కార్ల్‌సన్ మొదట, కరువానా తర్వాత. 2025 లో పారిస్ లో మళ్ళీ కార్ల్‌సన్. అదే ఏడాది జులైలో లాస్ వెగాస్ లో అరోనియన్. ఈ పేర్లు వింటుంటే మీకు లాటరీ టికెట్లు గుర్తొస్తున్నాయా? మామూలు చెస్ పట్టికలో పైనుండేవాళ్ళే ఇక్కడా పైన ఉన్నారు. అదే లాస్ వెగాస్ లో ప్రజ్ఞానంద గ్రూపు దశలో కార్ల్‌సన్ ని ఓడించాడు. మన వరంగల్ అర్జున్ ఎరిగైసి సెమీఫైనల్ దాకా వెళ్ళి అరోనియన్ చేతిలో ఓడాడు. ఆటకి కాస్త ముందు పొజిషన్ చూపిస్తే, పుస్తకం లేకుండా, దాన్నుంచి ప్రపంచంలో మొదటి నలుగుర్లో నిలబడటం అదృష్టమా? ఆ అదృష్టం మా కమిటీ ఆయనకి ఒక్క రౌండుకి రమ్మనండి చూద్దాం.

తెల్లకి మొగ్గు ఎక్కువ అంటారు. కొన్ని పొజిషన్లలో నిజమే, ఒప్పుకుంటా. నేను బలైన బి4 పొజిషన్ కూడా అలాంటిదే అనిపిస్తుంది. కానీ దానికి మందు కూడా చేతిలోనే ఉంది. ఒకే పొజిషన్ని రంగులు మార్చి రెండుసార్లు ఆడటం. లిచెస్ లో 960 ఆట అయ్యాక రీమ్యాచ్ నొక్కితే అదే పొజిషన్ రంగులు మారి వస్తుంది, ఆ తర్వాతే కొత్తది. క్రికెట్లో పిచ్ ఎలా ఉన్నా ఇద్దరూ బ్యాటింగ్ చేస్తారు కదా, అలాగ. మామూలు చెస్ లో మాత్రం తెల్లకి మొగ్గు లేదా ఏంటి? దానికి అలవాటుపడ్డాం, అంతే.

"అంత అందమైన అమరికని పాడుచేయడమెందుకు, తరతరాలుగా వస్తున్న అసలు చదరంగం" అనేవాళ్ళతో నాకు అసలు పేచీ. ఏది అసలు? మంత్రి ఇప్పుడున్నట్టు బోర్డంతా పరిగెత్తడం పదిహేనో శతాబ్దం చివర్లో యూరప్ లో మొదలైంది. అంతకుముందు ఆయన ఒక్క గడి మూలగా జరిగే ముసలి మంత్రే. బంటు మొదట రెండు గళ్ళు దూకడం, కోట కట్టడం కూడా తర్వాత వచ్చి చేరినవే. చదరంగం పుట్టిన మన దేశంలోనే నిన్నమొన్నటిదాకా ఊళ్ళలో ఆడింది వేరే ఆట.

నాకు ఆ వేరే ఆట తెలుసు, ఎందుకంటే మా నాన్న ఆడేది అదే. నాన్న కరెంటు డిపార్టుమెంటులో లైన్ ఇన్‌స్పెక్టర్ గా చేసి రిటైరయ్యాడు. తెనాలి దగ్గర మా ఊళ్ళో అరుగుల మీద పెద్దవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. బంటు ఎప్పుడైనా ఒక్క గడే. కోట లేదు. దాని బదులు రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకచ్చు. నాకు ఏడేళ్ళప్పుడు నేర్పింది కూడా ఈ నియమాలతోనే. స్కూలు పోటీకి వెళ్ళి రాజుని గుర్రంలా దూకిస్తే అందరూ నవ్వారు. ఇంటికొచ్చి ఏడ్చి నాన్నకి "అసలు" నియమాలు నేర్పా. పాపం ఆయన మారు మాట్లాడకుండా నేర్చుకున్నాడు.

ఇంజనీరింగ్ రెండో ఏడులో హాస్టల్లో ఫ్రైడ్ లివర్ అని ఒక దాడి నేర్చుకున్నా. ఆరో ఎత్తులో గుర్రాన్ని ఎఫ్7 లో బలిచ్చి రాజుని నడిరోడ్డు మీదకి లాగడం. సంక్రాంతి సెలవుల్లో నాన్న మీద ప్రయోగించా. వరసగా నాలుగు ఆటలు, నాలుగూ అదే. పేరేంటని అడిగితే చెప్పా. "చెస్ లో లివర్ వేపుడేంట్రా" అని నవ్వాడు. అయిదో ఆటకి పావులు పేరుస్తుంటే "ఒరేయ్, నువ్వు నాతో ఆడట్లేదురా. ఎక్కడో ఎవడో ఆడిందాన్ని నా ముందు అప్పజెబుతున్నావు" అని లేచి వెళ్ళిపోయాడు. తర్వాత ఎనిమిదేళ్ళు మేమిద్దరం ఆడలేదు. నేనప్పుడు ఓడిపోయి ఉడుక్కున్నాడనుకున్నా.

ఇక్కడ ఒక పెద్దమనిషిని తలుచుకోవాలి. మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబు వాడు. నాన్నలాగే మనదేశపు నియమాలతో ఆట నేర్చుకున్నాడు. సర్ ఉమర్ హయత్ ఖాన్ అనే జమీందారు కొలువులో ఉంటూ ఆయన వెంట 1929 లో లండన్ వెళ్ళాడు. అదే ఏడు బ్రిటిష్ ఛాంపియన్. మళ్ళీ 1932, 1933 లో కూడా. 1930-31 హేస్టింగ్స్ టోర్నమెంటులో సాక్షాత్తూ కాపబ్లాంకాని ఓడించాడు. ఓపెనింగులు మాత్రం ఆయనకి సరిగ్గా పట్టుబడలేదని ఆ ఆటల గురించి రాసిన ప్రతివాళ్ళూ రాశారు. పడవు మరి. బంటు ఒక్కో గడే నడిచే ఆటలో పెరిగినవాడికి యూరప్ వాళ్ళు తరాలుగా పోగేసుకున్న పుస్తకం ఎక్కణ్ణుంచి వస్తుంది? ప్రతి ఆటలో మొదటి పదిహేను ఎత్తులూ ఎదురీది, వెనకబడి, అక్కణ్ణుంచి లాక్కొచ్చేవాడు. 1933 చివర్లో జమీందారుతో తిరిగొచ్చేశాడు, పోటీ చదరంగం అక్కడితో సరి. 1966 లో పోయాడు. ఫిడే ఆయనకి గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది ఎప్పుడో తెలుసా? 2024 లో. ఆయన వెళ్ళిన ప్రతి హాల్లోనూ బోర్డు మీద 518 కాకుండా ఇంకేదన్నా పేర్చి ఉంటే ఎలా ఉండేదో అని నాకెప్పుడూ అనిపిస్తుంటుంది.

ఆ పుస్తకం ఇప్పుడు ఇంకా లావైంది. గుకేశ్ 2024 డిసెంబర్లో సింగపూర్ లో ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు అతని కోసం తెర వెనక పనిచేసిన గ్రాండ్‌మాస్టర్లలో మన గుంటూరు హరికృష్ణ కూడా ఉన్నారు. గర్వపడాల్సిందే, నేనూ పడ్డా. కాకపోతే ఒక కుర్రాడు ఒక మ్యాచ్ ఆడటానికి అంతమంది పెద్ద ఆటగాళ్ళు నెలల తరబడి ఇంజన్ల ముందు కూర్చోవాల్సి రావడం ఆట ఆరోగ్యం గురించి ఏదో చెబుతోంది. ఇంకో పక్క చూడండి. 2025 అక్టోబర్లో సెయింట్ లూయిస్ లో కాస్పరోవ్, ఆనంద్ 960 ఆడారు. కాస్పరోవ్ 13-11 తో గెలిచాడు. ఆయన 2005 లోనే ప్రొఫెషనల్ చెస్ మానేశాడు, మ్యాచ్ నాటికి వయసు 62. మామూలు చెస్ అయితే ఇరవై ఏళ్ళ ఓపెనింగులు తిరగేయకుండా ఆనంద్ ముందు కూర్చునే సాహసం ఆయన చేసేవాడు కాదేమో. ఇక్కడ కూర్చున్నాడు. పాత చేతులు ఇంకా పనిచేస్తాయని తెలిసింది.

సరే, అవతలి వాళ్ళ దగ్గరున్న బాణాల్లో గట్టిది ఒకటుంది, దాన్ని దాచి వాదిస్తే అది వాదన కాదు. "ఇదంతా గ్రాండ్‌మాస్టర్ల గోల. నీ లెవెల్లో ఆటలు ఓపెనింగ్ వల్ల కాదు, ఇరవయ్యో ఎత్తులో మంత్రిని అప్పనంగా ఇచ్చేయడం వల్ల పోతాయి. నీకెందుకు 960?" ఇది నిజం. అక్షరాలా నిజం. నా ఓటములు తీసి చూసుకున్నా, ముప్పాతిక వంతు అలాంటివే.

అయితే అదే నిజం రెండో వైపు కూడా కోస్తుంది. ఓపెనింగ్ వల్ల పోనప్పుడు, నేను చెస్ కోసం కేటాయించిన టైమంతా ఓపెనింగుల మీద ఎందుకు పెట్టినట్టు? ఆఫీసు నుంచి వచ్చి, తిని, గిన్నెలు కడిగాక నాకు మిగిలేది రోజుకి అరగంట. ఆ అరగంటలో ఇరవై నిమిషాలు కారో-కాన్ వీడియోలు చూసేవాణ్ణి. ఎందుకంటే అది హాయిగా ఉంటుంది. బట్టీ పట్టడం మనకి తెలిసిన పని. మనలో ఎంతమందిమి ఆల్-ఇన్-వన్ లతో ఇంజనీరింగ్ గట్టెక్కలేదు? ల్యాబ్ పరీక్షలో ఏ ప్రోగ్రాం వస్తుందో ముందే తెలుసుకుని సెమికోలన్లతో సహా దింపలేదు? నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో అడిగిన లింక్డ్ లిస్ట్ ప్రశ్న ముందు రోజు రాత్రే ఒక సైట్లో చూశాను. అడగ్గానే గడ్డం నిమురుకుంటూ ఒక నిమిషం ఆలోచిస్తున్నట్టు నటించా కూడా. ఇప్పుడు బల్లకి ఇవతలి పక్క కూర్చుని కుర్రాళ్ళు అదే నటన చేస్తుంటే చూస్తున్నా. ప్రశ్నలో ఒక్క షరతు మార్చగానే ముఖంలో కరెంటు పోతుంది. వాణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. బి4 కి ఇ5 కొట్టిన చెయ్యి నాది.

960 నా ఇరవై నిమిషాలు నాకు తిరిగిచ్చింది. నేర్చుకోవడానికి వీడియో లేదు కాబట్టి మొదటి ఎత్తు నుంచే చూడాలి. ఏ బంటుకి కాపలా లేదు, ఏ శకటుకి దారి ఎక్కడ తెరుచుకుంటుంది, రాజు ఏ పక్కకి వెళ్తే క్షేమం. మూడు నెలలు ఆడాక రేటింగు 1620 కి వచ్చింది. ఈ 1620 మాత్రం నాదే.

960 అమృతమేమీ కాదు. పక్కన ఫోన్లో ఇంజన్ పెట్టుకుని మోసం చేసేవాడు ఇక్కడా చేస్తాడు, 960 వాణ్ణేం ఆపదు. రాత్రి పదకొండున్నరకి మామూలు ఆటకి ఎదుటి మనిషి రెండు సెకన్లలో దొరికితే దీనికి రెండు మూడు నిమిషాలు ఎదురుచూడాలి. రుయ్ లోపెజ్ లాంటి వందల ఏళ్ళ ఓపెనింగులో ఉండే కథ, పేర్లు, పరంపర ఇక్కడ ఉండవు. అది నాకూ లోటే.

వీటన్నిటికంటే నాకు మండేది 960 లోనే ఉంటూ దాన్ని చెడగొట్టేవాళ్ళని చూస్తే. పొజిషన్ తెర మీదకి రాగానే శకటు మూలన పడిందనో, గుర్రం అంచున ఉందనో అబార్ట్ నొక్కేస్తారు. మొదటి ఎత్తు వేయకముందు ఆ బటన్ ఉంటుంది, నెట్ పోయినవాళ్ళ కోసం, పొరపాటున వచ్చినవాళ్ళ కోసం. వీళ్ళు దాన్ని పాచిక మళ్ళీ వేసుకోవడానికి వాడతారు. తమకి నచ్చిన, 518 కి చుట్టంలా కనిపించే పొజిషన్ వచ్చేదాకా. మరీ ఎక్కువసార్లు చేస్తే సైటు కాసేపు ఆడనివ్వదు గానీ, అప్పుడొకటీ ఇప్పుడొకటీ చేసేవాణ్ణి ఎవరు పట్టుకుంటారు? రెండో రకం ఇంకా తెలివైనవాళ్ళు. మంచి పొజిషన్లో తెల్లతో గెలుస్తారు, రీమ్యాచ్ అడిగితే మాయం. పిచ్ మీద తేమ ఉండగా బౌలింగ్ చేసేసి, బ్యాటింగ్ వచ్చేసరికి ఇంటికి పోయే బాపతు.

నేనూ చేశాను. దాచి లాభం లేదు. ఒక రాత్రి 1597 మీద ఉన్నా, ఇంకొక్కటి గెలిస్తే 1600 దాటుతుంది. వరసగా మూడు పొజిషన్లు అబార్ట్ చేసి నాలుగోది ఆడి గెలిచా. స్క్రీన్‌షాట్ కూడా తీసుకున్నా. అదెవరికీ చూపించలేదు.

నాన్న విషయం సగంలో వదిలేశా. పోయిన దసరాకి ఇంటికెళ్ళినప్పుడు ఆయన టాబ్లెట్లో అకౌంట్ తెరిచి 960 పెట్టిచ్చా. మొదట "ఇదేం పేర్చడంరా, పిల్లలు తన్నేసినట్టు" అన్నాడు. కళ్ళజోడు సర్దుకుని పావుల్ని ఒక్కొక్కటిగా చూస్తూ అయిదు నిమిషాలు మొదటి ఎత్తే వేయలేదు. నేను విసుక్కుంటూ టీవీ చూస్తున్నా. ఆ ఆట ఆయనే గెలిచాడు. రంగులు మార్చి ఆడాం, అది నేను గెలిచా. ఇప్పుడు ఆయన తెనాలి దగ్గర, నేను హైదరాబాద్ లో. వారానికి రెండు రాత్రులు పదిహేను నిమిషాల గడియారం, ఎత్తుకి పది సెకన్లు అదనం. ఇప్పటిదాకా నాకు 17, ఆయనకి 14, డ్రాలు 3. గడియారం లేకపోతే ఆయనదే పైచేయి అవుతుందని నా అనుమానం. ఆడుతున్నప్పుడు ఫోన్ స్పీకర్లో పెట్టుకుంటాం. ఆయన రాజు ఎప్పుడన్నా ఇరుక్కుంటే "ఇప్పుడొక్క దూకు దూకనిస్తే నీ పని అయ్యేదిరా" అంటాడు.

మా కమిటీ ఆయనకి ఇవన్నీ ఎలాగూ చెప్పలేను. టోర్నమెంటుకి పేరిచ్చేశా, ఏడు రౌండ్లూ 518 లోనే ఆడతా, లండన్ సిస్టమే ఆడతా, సిగ్గేం లేదు. దాంతోపాటు వచ్చే గురువారం నుంచి సాయంత్రం అయిదున్నరకి మా కెఫెటేరియాలో కిటికీ పక్క టేబుల్ మీద ఒక బోర్డు పెడుతున్నా. కంప్యూటర్ అక్కర్లేదు, లూడో డబ్బాలోంచి ఒక పాచిక తెచ్చా. నల్ల గళ్ళ శకటుకి వెయ్యండి, 5, 6 పడితే మళ్ళీ వెయ్యండి. తెల్ల గళ్ళ శకటుకీ అంతే. మంత్రికి ఎంత పడితే ఎడమ నుంచి అన్నో ఖాళీ గడి. మొదటి గుర్రానికి 6 పడితే మళ్ళీ, రెండో గుర్రానికి 5, 6 పడితే మళ్ళీ. మిగిలిన మూడింట్లో ఏనుగు, రాజు, ఏనుగు. ఒక్కొక్కరితో రెండు ఆటలు, రంగులు మార్చి. పొజిషన్ నచ్చలేదని పాచిక మళ్ళీ వేయడం లేదు. నవ్వు బొమ్మ తగిలించిన పదకొండు మందిలో ఇద్దరు వస్తామన్నారు, అందులో ఒకాయన బోర్డు తనే తెస్తానన్నాడు.